పక్క మంచం

శేషాద్రి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం కాకినాడలో బయల్దేరి, భీమవరం, ఆకివీడు, కైకలూరు, గుడివాడ దాటుకుంటూ రాత్రికి బెజవాడ చేరుతుంది. మర్నాడు పొద్దున కాట్పాడి. అక్కడ దిగే తెలుగువాళ్ళని ఎక్కడికి పోతున్నారని అడగక్కర్లేదు. చేతిలో ఎక్స్‌రే కవరు, సంచిలో పాత రిపోర్టుల ఫైలు, కళ్ళలో నిద్రలేమి. రాయవేలూరు ఆసుపత్రి. గుండెకీ, కిడ్నీకీ, ఊళ్ళో ఎవరికీ అంతుబట్టని జ్వరానికీ కృష్ణా డెల్టా జనం తరాలుగా పట్టిన దారి ఇది. కొందరి చేతిలో మాత్రం ఎక్స్‌రే ఉండదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడి మణికట్టు ఉంటుంది. వదిలితే పట్టాల మీదికి పరిగెడతాడు, ఆపితే కొరుకుతాడు.

అలాంటి పిల్లవాడితో వచ్చినవాళ్ళు ఊళ్ళోని పెద్దాసుపత్రికి కాక బాగాయం వెళ్ళాలి. క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్ళ మానసిక ఆరోగ్య కేంద్రం అక్కడుంది. "వాణ్ణి మీ దగ్గర ఉంచుకుని బాగుచేసి పంపండి డాక్టర్ గారూ, రెణ్ణెల్లు పట్టినా ఫర్వాలేదు, ఎంతయినా కడతాం" అని సిద్ధపడి వచ్చిన తండ్రికి అక్కడ తలకిందులుగా అనిపించే మాట ఎదురవుతుంది. పిల్లవాణ్ణి ఒక్కణ్ణే చేర్చుకోరు. అమ్మో నాన్నో తోడు ఉండాలి. ఉండి, కాపలా కాయడం కాదు, నేర్చుకోవాలి.

మన వైపు వాళ్ళకి ఇది మింగుడుపడకపోవడంలో వింతేమీ లేదు. రెసిడెన్షియల్ కాలేజీలు ఊరి చుట్టూ మొలిచిన విజయవాడలో, పిల్లాడు మాట వినకపోతే పెద్దవాళ్ళు చెప్పే మొదటి సలహా ఒకటే: "హాస్టల్లో పడెయ్యి, దారికొస్తాడు." ఇంట్లో గారాబం వల్లే చెడ్డాడు కాబట్టి ఇంటికి దూరంగా ఉంచితే బాగుపడతాడన్నది ఆ లెక్క. ఈ లెక్క మన డెల్టాలో పుట్టిందేమీ కాదు. ఒకప్పుడు ప్రపంచంలోని పెద్ద పెద్ద పిల్లల మానసిక వైద్యశాలలు దీని మీదే నడిచాయి. అది తప్పని తేలడానికి అర శతాబ్దం పట్టింది. తేల్చినవాళ్ళలో మన దేశపు డాక్టర్లున్నారు. వాళ్ళు సిద్ధాంతం రాసి తేల్చలేదు, గదులు లేక, నర్సులు లేక, వేరే దారిలేక తేల్చారు.

పిల్లలకు ఆసుపత్రిలో మానసిక వైద్యం అనే ఆలోచన పాతదేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం మద్రాసులో, వాల్తేరులో పిచ్చాసుపత్రులు కట్టింది. డెల్టా నుంచి ఎవరినైనా పంపాలంటే ఆ రెండే దిక్కు. 1912 నాటి ల్యూనసీ చట్టం పోలీసులకీ మేజిస్ట్రేట్లకీ ఎక్కువ పని చెప్పింది, డాక్టర్లకి తక్కువ. పిల్లల కోసం విడిగా ఒక వార్డు ఉండాలన్న ఊహ అందులో లేదు. నిజం చెప్పాలంటే పిల్లలు అక్కడిదాకా పోయేవాళ్ళే తక్కువ. దిష్టి తీయించడం, తాయెత్తు కట్టించడం, తగ్గకపోతే నెల్లూరు జిల్లా ఏ.ఎస్. పేట దర్గాలో నిద్ర చేయించడం, అప్పటికీ తగ్గకపోతే గొడ్లపాకలో కట్టేయడం. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండిపోయేది. ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఉంది.

తలుపు తెరిచింది ఒక జ్వరం. అంతకుముందు 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు తను చూసిన కొందరు పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. తెలివికి లోటు లేదు, కానీ కోపాన్నీ కోరికనీ క్షణం కూడా ఆపుకోలేరు, శిక్షకు జంకరు. దీన్ని నీతి తప్పడంగా కాక జబ్బుగా చూడాలని ఆయన వాదన. వినేవాళ్ళు విన్నారు, వదిలేశారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో మెదడువాపు ఒకటి ఐరోపా, అమెరికాల మీద పడింది. మనిషిని రోజుల తరబడి నిద్రలో ముంచేది. బతికి లేచిన పిల్లల్లో చాలామంది మారిపోయి లేచారు. జ్వరానికి ముందు బుద్ధిగా బడికి పోయిన పిల్లవాడు లేచాక దొంగతనాలు చేస్తాడు, చెల్లెల్ని కొడతాడు, రాత్రంతా మేలుకుని వస్తువులు పగలగొడతాడు. అదే తల్లి, అదే ఇల్లు, అదే పెంపకం. మధ్యలో వచ్చింది జ్వరమొక్కటే. ప్రవర్తన మెదడులో నుంచి కూడా చెడొచ్చని అంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి? లండన్‌లోనూ ఫిలడెల్ఫియాలోనూ ఆ పిల్లల కోసం విడిగా వార్డులు తెరవాల్సి వచ్చింది.

అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రానికి చెందిన జార్జ్ బ్రాడ్లీకి ఈ సంగతి అంతకు చాలా ముందే, తన ఇంట్లోనే తెలిసింది. ఆయన ఒక్కగానొక్క కూతురు ఎమ్మాకి ఏడేళ్ళప్పుడు మెదడువాపు వచ్చి, మళ్ళీ మామూలు మనిషి కాలేదు. టెలిఫోన్ కంపెనీలో పెట్టుబడులతో సంపాదించిన డబ్బుంది, చూపించని డాక్టరు లేడు. 1906లో చనిపోతూ, తన ఆస్తిని ఇలాంటి పిల్లల వైద్యానికి వాడాలని విల్లు రాశాడు. ఆ డబ్బుతో 1931లో ఈస్ట్ ప్రావిడెన్స్‌లో తెరుచుకున్నదే బ్రాడ్లీ హోమ్. అమెరికాలో పిల్లలకు మాత్రమే పెట్టిన మొదటి మానసిక వైద్యశాల అది. అందులోనే బడి, ఆటస్థలం, రాత్రింబవళ్ళు నర్సులు. ఏ పిల్లవాడు ఎప్పుడు ఏం చేశాడో పూటపూటా రాసిపెట్టే అలవాటు అక్కడ బలంగా పాతుకుంది.

ఆ రాతపనే తర్వాత అక్కరకొచ్చింది. జార్జ్ బ్రాడ్లీ బంధువే అయిన చార్లెస్ బ్రాడ్లీ అక్కడ డాక్టరు. పిల్లల మెదడులో లోపమేమైనా ఉందేమో చూడ్డానికి ఆ రోజుల్లో ఒక మొరటు పద్ధతి ఉండేది. వెన్నులో సూది గుచ్చి నీరు తీసి, దాని బదులు గాలి నింపి, తల ఎక్స్‌రే తీసేవారు. తర్వాత రోజుల తరబడి భరించలేని తలనొప్పి. తీసేసిన నీరు తొందరగా ఊరితే నొప్పి తగ్గుతుందేమోనని చార్లెస్ బెంజిడ్రిన్ అనే మందు ఇచ్చి చూశాడు. అది ఆంఫెటమిన్, ఉత్సాహం పుట్టించే మందు. తలనొప్పి తగ్గలేదు. కానీ హోమ్‌లోని బడి టీచర్లు వచ్చి వేరే సంగతి చెప్పారు. మందు తిన్న పిల్లలు కుదురుగా కూర్చుని లెక్కలు చేస్తున్నారు.

ఇంకో డాక్టరైతే టీచర్ల మాట నవ్వి ఊరుకునేవాడు. ఈయన ఊరుకోలేదు. ముప్పైమంది పిల్లలకి, 21 మంది అబ్బాయిలకీ 9 మంది అమ్మాయిలకీ, వారం రోజులు పొద్దున్నే ఆ మందిచ్చి, ఇవ్వని వారాలతో పోల్చి చూశాడు. 14 మంది చదువులో ఆశ్చర్యపోయేంత మార్పు కనిపించింది. అరిచేవాళ్ళు మెత్తబడ్డారు. ఉత్సాహం పుట్టించే మందు అల్లరిని ఎలా తగ్గిస్తోందో ఆయనకే అర్థం కాలేదు, అర్థం కాలేదనే రాశాడు. పిల్లలు మాత్రం దానికి 'లెక్కల బిళ్ళ' అని పేరు పెట్టేశారు. 1937 నవంబరులో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వ్యాసం అచ్చయింది. తర్వాత ఇరవయ్యేళ్ళు దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. ఈలోగా స్విట్జర్లాండ్‌లో సిబా కంపెనీ రసాయన శాస్త్రవేత్త లియాండ్రో పానిజోన్ 1944లో దాని చుట్టం లాంటి మిథైల్‌ఫెనిడేట్‌ని తయారుచేశాడు. టెన్నిస్ ఆడబోయే ముందు దాన్ని వేసుకునే తన భార్య రీటా పేరు మీద రిటాలిన్ అన్నాడు. ఇప్పుడు విజయవాడ సూర్యారావుపేట డాక్టర్ల వీధుల్లో పిల్లవాడికి రాసే చీటీలో ఉండే మందు అదే. మన దేశంలో మత్తుమందుల చట్టం పరిధిలో ఉంది కాబట్టి ఏ మందుల షాపులో పడితే ఆ షాపులో దొరకదు.

1937లోనే బొంబాయిలో, క్లిఫర్డ్ మాన్షార్ట్ పెట్టిన సర్ దోరాబ్జీ టాటా సోషల్ వర్క్ స్కూలులో, మన దేశపు మొదటి చైల్డ్ గైడెన్స్ క్లినిక్ తెరుచుకుంది. ఒకే ఏడాది రెండు దారులు మొదలయ్యాయి. ఒకటి బిళ్ళతో, ఇంకొకటి తల్లిదండ్రులతో మాట్లాడటంతో.

బ్రాడ్లీ హోమ్ దారి వెంట పడ్డవాళ్ళు ఒక విషయం ప్రశ్నించకుండా తీసుకున్నారు. పిల్లవాడు ఇంటికి దూరంగా, నిపుణుల చేతుల్లో ఉండాలి. నిపుణులు ఉన్నారు, భవనాలు ఉన్నాయి, డబ్బు ఉంది, తల్లి ఎందుకు? యుద్ధం తర్వాత ఇది మరీ ముదిరింది. షికాగో విశ్వవిద్యాలయపు ఆర్థొజెనిక్ స్కూలును 1944 నుంచి 1973 దాకా నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్, పిల్లలు ఆటిజంలోకి ముడుచుకుపోవడానికి తల్లుల చల్లదనమే కారణమన్నాడు. పిల్లల్ని ఏళ్ళ తరబడి తల్లిదండ్రులకు దూరంగా ఉంచడమే అక్కడి వైద్యం. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ మనిషి ఆయన, రాయడంలో దిట్ట, మాటకు విలువుంది. 1967లో వచ్చిన ఆయన పుస్తకం 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్' వేలమంది తల్లుల్ని ముద్దాయిలుగా నిలబెట్టింది. ఆయన 1990లో చనిపోయాక, అక్కడ పెరిగినవాళ్ళు కొందరు ఆయన తమను కొట్టేవాడని బయటపెట్టారు. పెద్దపేరున్న మనిషి ఆధారం లేకుండా చెప్పిన మాట ఎన్ని సంసారాలను కాల్చగలదో చెప్పడానికి వైద్య చరిత్రలో ఇంతకన్నా చేదు ఉదాహరణ నాకు కనపడదు.

ఇంగ్లండులో మామూలు ఆసుపత్రుల పరిస్థితీ ఇంతే. ఆపరేషన్ కోసం చేర్చిన చిన్నపిల్లల్ని తల్లి చూడ్డానికి వారానికి కొన్ని గంటలు. తల్లి వచ్చి వెళ్ళాక పిల్లలు ఏడుస్తున్నారు కాబట్టి రాకపోతేనే నయమని నర్సుల నమ్మకం. టావిస్టాక్ క్లినిక్‌లో పనిచేసే జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఒక సినిమా తీశాడు. హెర్నియా ఆపరేషన్‌కి ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ళ పాపని రోజూ ఒకే వేళప్పుడు కెమెరా చూసింది. ఏడుపు కాదు అందులో భయపెట్టేది. పాప ఏడవడం మానేసిన తీరు. డాక్టర్లు ఆ సినిమా మీద మండిపడ్డారు. అయినా 1959లో ప్లాట్ కమిటీ, తల్లిని ఎప్పుడు పడితే అప్పుడు రానివ్వాలి, వీలైతే పిల్లలతో పాటే చేర్చుకోవాలి అని ప్రభుత్వానికి చెప్పింది.

మన దేశంలో తల్లిని ఆసుపత్రి నుంచి పంపించేద్దామన్నా పంపించే వీలు లేదు. 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే 43 వేల మందికి ఒక నర్సు తేలింది. మానసిక వైద్యశాలల్లో 40 వేల మందికి ఒక మంచం. ఇంగ్లండులో అప్పటికి 300 మందికి ఒకటి ఉంది. గుంటూరులోనో బందరులోనో ఏ సర్కారు ఆసుపత్రిలోనైనా రోగి మంచం కింద చాప పరుచుకుని ఎవరో ఒకరు పడుకోవడం, బయట చెట్టు కింద పొయ్యి రాజేసి గంజి కాయడం మనం చూస్తూ పెరిగిందే. ఆ చాపని డాక్టర్లు అడ్డంకిగానే చూశారు. పిచ్చాసుపత్రిలో ఆ చాప కూడా లేదు. అక్కడ రోగిని గేటు దగ్గర అప్పజెప్పి, తప్పుడు అడ్రసు రాసి వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువ.

అమృత్‌సర్‌లో విద్యాసాగర్ ముందు నిలిచిన సమస్య అదే. 1950లో ఆయన పంజాబ్ మానసిక వైద్యశాల సూపరింటెండెంటుగా వచ్చేసరికి ఆసుపత్రి కిక్కిరిసి ఉంది. దేశవిభజన తర్వాత లాహోర్ ఆసుపత్రి నుంచి హిందూ, సిక్కు రోగుల్ని కూడా అక్కడికే పంపారు. చోటు లేదు, సిబ్బంది లేరు, బాగైన రోగిని ఇంటికి తీసుకుపోయేవాళ్ళు రారు. ఆయన సైన్యం దగ్గర గుడారాలు అడిగి తెచ్చి ఆసుపత్రి ఆవరణలో వేయించాడు. చేర్చడానికి వచ్చినవాళ్ళతో, అప్పజెప్పి పోవద్దు, ఈ గుడారంలో మీరూ ఉండండి అన్నాడు. వండిపెట్టండి, స్నానం చేయించండి, మందు మింగించండి. సాయంత్రాలు అందరినీ కూర్చోబెట్టి, వాళ్ళకి తెలిసిన పురాణ కథల భాషలోనే జబ్బు గురించి చెప్పేవాడు.

ఆయన అనుకున్నది మనుషుల కొరత తీర్చుకోవడం. జరిగింది వేరు. పక్క గుడారంలో నిన్న అరిచిన మనిషి ఈరోజు చపాతీ అడిగి తిన్నాడని ఇంకో కుటుంబం కళ్ళారా చూసింది. దయ్యమన్న మాట దానంతటదే పలచబడింది. ఇంటికి వెళ్ళేటప్పుడు రోగితో పాటు ఇంట్లో ఒకరికి జబ్బు గుట్టు తెలుసు. మళ్ళీ తిరగబెట్టే సూచనలు కనిపిస్తే ముందే పట్టుకుంటారు. విద్యాసాగర్ పెద్దగా రాసుకోలేదు. ఆయన కథని ఎక్కువగా మిగతా డాక్టర్లే చెప్పుకుంటూ వచ్చారు.

అదే దశాబ్దంలో దక్షిణాన కెనడా నుంచి వచ్చిన సైకియాట్రిస్టు ఫ్లోరెన్స్ నికోల్స్ వేలూరులో పని మొదలుపెట్టింది. 1957లో, ఇక్కడ కృష్ణ మీద ప్రకాశం బరాజు తెరిచిన ఏడాదే, బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం వచ్చింది. మొదటి నుంచీ రోగితో ఇంటి మనిషి ఉండాలన్నది అక్కడి నియమం. 1963లో అక్కడి డాక్టర్లు కోల్‌మేయర్, ఫెర్నాండెజ్ ఈ కుటుంబ పద్ధతి గురించి వ్యాసం రాసి పంపితే, బ్రాడ్లీ వ్యాసం అచ్చేసిన అదే అమెరికన్ జర్నల్ అచ్చేసింది. 1967లో చాకో అనే డాక్టరు ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో కుటుంబం పాత్ర మీద ఇంకొకటి రాశారు. అదే ఏడు షికాగోలో బెటెల్‌హైమ్ పుస్తకం తల్లులను దూరం పెడుతోంది.

పెద్దవాళ్ళకి పనికొచ్చిన పద్ధతి పిల్లలకి ఇంకా ఎక్కువ పనికొచ్చింది. పిల్లల విషయంలో అది సాయం స్థాయి దాటి వైద్యమే అయింది. ఎందుకో అర్థమవడానికి మళ్ళీ అమెరికా పోవాలి, ఈసారి పడమటి కొస, ఒరెగాన్ రాష్ట్రానికి. జెరాల్డ్ పాటర్సన్ అనే మనస్తత్వవేత్త, పిల్లలు కొట్టుకుని తిట్టుకునే ఇళ్ళలోకే మనుషుల్ని పంపి, భోజనాల వేళ ఎవరు ఏమన్నారో, దానికి ఎవరు ఏం చేశారో వరసగా రాయించాడు. 1982లో వచ్చిన ఆయన పుస్తకంలో తేలిన విషయాన్ని మన ఇంటి భాషలోకి తెస్తే ఇలా ఉంటుంది. అమ్మ "ఫోను అక్కడ పెట్టి అన్నానికి రా నాన్నా" అంటుంది. వాడు అరుస్తాడు. అమ్మ గొంతు పెంచుతుంది. వాడు కంచం విసిరేస్తాడు. అమ్మ భయపడి, "సరే, తిట్టను, ఫోను చూస్తూ తిను" అంటుంది. వాడు ఊరుకుంటాడు. వాడు నేర్చుకున్నది కంచం విసిరితే పని జరుగుతుందని. అమ్మ నేర్చుకున్నది లొంగితే గొడవ ఆగుతుందని. ఇద్దరికీ బహుమతి దక్కింది. రేపు అమ్మ ఇంకొంచెం తొందరగా లొంగుతుంది, వాడు ఇంకొంచెం గట్టిగా విసురుతాడు. ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు.

ఈ ముడి హాస్టల్లో కనపడదు. ఆసుపత్రిలో నర్సు దగ్గరా కనపడదు. కొత్త చోట, కొత్త మనిషి దగ్గర పిల్లవాడు బుద్ధిగానే ఉంటాడు. "మా దగ్గర బాగానే ఉన్నాడండీ" అని పంపిస్తారు. ఇంటికొచ్చిన మూడోనాడు కంచం మళ్ళీ గోడకి తగులుతుంది. ముడి వాడికీ అమ్మకీ మధ్య ఉంది కాబట్టి, విప్పాలన్నా ఇద్దరూ అక్కడుండాలి.

వార్డులో జరిగేదేమిటో తెలిస్తే తోడొచ్చిన మనిషి ఉండే ఈ పక్క మంచం విలువ తెలుస్తుంది. మొదటి రోజుల్లో వైద్యం కన్నా చూడ్డం ఎక్కువ. పిల్లవాడికి చెవులు సరిగా వినిపిస్తున్నాయా, పంటి నొప్పి ఉందా, మలబద్ధకమా, కనిపించీ కనిపించని మూర్ఛలున్నాయా? మాట రాని పిల్లవాడు తల గోడకేసి కొట్టుకుంటే అది నొప్పి చెప్పుకునే భాష కావచ్చు. బుద్ధిమాంద్యమా, ఆటిజమా, దిగులా, ఇంట్లోనో బడిలోనో ఎవరైనా వాణ్ణి హింసిస్తున్నారా? ఇవన్నీ వడపోశాక బ్రాడ్లీ హోమ్‌లో ఉన్నలాంటి అలవాటు మొదలవుతుంది, రాయడం. కోపం రాకముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత వాడికేం దక్కింది. ఈ మూడు గడుల కాగితం ఇక్కడ తల్లే నింపుతుంది. ఐదు రోజులయ్యేసరికి కాగితం తనంతట తను మాట్లాడుతుంది. ఆకలి వేళ, పని మార్చమన్న వేళ, అమ్మ ఫోనులో మాట్లాడే వేళ.

ఆ తర్వాత సాధన. చెప్పేది ఒక్కసారే, చిన్న మాటలో, దగ్గరికెళ్ళి చెప్పడం. విన్న వెంటనే మెచ్చుకోవడం. చిన్నచిన్న గోలను చూడనట్టు ఊరుకోవడం, కానీ కొట్టుకోవడం, కొరకడం వంటివాటికి చేతులు అడ్డుపెట్టి ఆపడం. చూడనట్టు ఊరుకోవడం మొదలెట్టిన రోజుల్లో గోల పెరుగుతుంది, తగ్గదు. ఇంట్లో అయితే తల్లి ఆ రోజే లొంగిపోతుంది. వార్డులో పక్కన నర్సు ఉంటుంది, "ఇంకొంచెం ఓర్చుకో అమ్మా, ఇది పెరిగే తగ్గుతుంది" అనడానికి. నా ఉద్దేశంలో ఆసుపత్రి చేసే అసలు పని ఆ ఒక్క గంటలోనే ఉంది. మందులూ ఉంటాయి. ఆటిజం పిల్లల్లో విపరీతమైన చిరాకుకి రిస్పెరిడోన్, నిలకడ లేనివాళ్ళకి మిథైల్‌ఫెనిడేట్. పిల్లవాడు పాఠం వినగలిగేంత నెమ్మదిని మందు తెస్తుంది, పాఠం చెప్పదు.

ఈ పద్ధతి వేలూరు దాటి వ్యాపించింది. బాగాయం ఆవరణలోనే ఎదుగుదల లోపాలున్న పిల్లల కోసం నంబిక్కై నిలయం వచ్చింది. తల్లో తండ్రో పిల్లవాడితో ఉండి శిక్షణ తీసుకుంటారు. బెంగళూరు నిమ్‌హాన్స్ పిల్లల వార్డులోనూ ఇదే పద్ధతి. శేషాద్రిలో కాట్పాడి దాటి కూర్చునేవాళ్ళు అక్కడికే. తెలుగు నేల మీద 1984లో సికింద్రాబాదు బోయినపల్లిలో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ పేరుతో వచ్చిన కేంద్రం, దూరపు ఊళ్ళ నుంచి వచ్చే కుటుంబాలు పిల్లలతో సహా ఉండి నేర్చుకోవడానికి కాటేజీలు కట్టింది. అమెరికాలో కూడా గాలి తిరిగింది. షికాగోలోనే చదువుకున్న ఎరిక్ షోప్లర్, బెటెల్‌హైమ్ మాటకు సరిగ్గా ఎదురు వాదన పట్టి, నార్త్ కరొలైనాలో తల్లిదండ్రులనే చికిత్సకులుగా తయారుచేశాడు. 1972లో ఆ రాష్ట్రం దాన్ని ప్రభుత్వ కార్యక్రమంగా తీసుకుంది.

ఇక చట్టం. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడి దర్గా దగ్గర పాకలో నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక కాలిపోయారు. 2017లో వచ్చి 2018 మేలో అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. పిల్లల కోసం అందులో 87వ సెక్షన్ ఉంది. పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళని చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి ఒప్పుకోవాలి, వాళ్ళలో ఒకరైనా సైకియాట్రిస్టు కావాలి. ఇంటి దగ్గర చేయదగ్గ వైద్యమంతా చేసి చూసి ఉండాలి, లేదా అది పనికిరాదని తేలి ఉండాలి. పెద్దల వార్డులో పెట్టకూడదు. 72 గంటల్లో ఆ చట్టం కింద ఏర్పడ్డ సమీక్షా బోర్డుకి తెలపాలి, నెల దాటితే మళ్ళీ తెలపాలి. వీటన్నిటి మధ్యలో ఉంది అసలు మాట. పిల్లల తరఫున నిలబడే ప్రతినిధి గాని, ఆయన నియమించిన మనిషి గాని, ఎట్టి పరిస్థితిలోనూ, చేరినన్నాళ్ళూ పిల్లలతోనే ఉండాలి. ఆడపిల్లకైతే తోడు ఆడమనిషే ఉండాలి. అమృత్‌సర్‌లో గదులు చాలక వేసిన గుడారం దేశమంతటికీ చట్టమైంది.

ఇందులో మురిసిపోవాల్సిందెంతో, కలవరపడాల్సిందీ అంతే. నెలరోజులు ఉండాలంటే కౌలు రైతు భార్య నాట్ల కూలి పోతుంది. ఇంటి దగ్గర చంటిది ఉంటుంది. తండ్రి రెండు రోజులుండి "సెలవు లేదు" అని శేషాద్రి ఎక్కేస్తాడు, నేర్చుకోవాల్సినవాళ్ళలో సగం అప్పుడే తగ్గిపోతారు. చాలాసార్లు చివరికి మిగిలేది అమ్మమ్మ. చట్టం ఒప్పుకుంటుంది, ఓపికా ఉంటుంది. కానీ మనవడు ఏడుస్తుంటే చూడనట్టు ఊరుకోమని అమ్మమ్మకి నేర్పడం ఏ వైద్యశాస్త్రానికైనా గట్టి పరీక్షే. సర్కారు ఖర్చుల లెక్కలో మందు ఉంది, మంచం ఉంది, పక్క మంచం మీద మనిషి పోగొట్టుకున్న కూలి లేదు.

ఆ మనిషే లేని పిల్లలున్నారు. విజయవాడ జంక్షన్‌లో ఇల్లు విడిచి వచ్చి దిగే పిల్లల కోసం డాన్‌బాస్కో ఫాదర్లు 1989లో నవజీవన్ బాలభవన్ పెట్టారు. ఇంట్లో దెబ్బలకో, బడి భయానికో, ఎవరూ జబ్బని గుర్తించని ప్రవర్తనకో పారిపోయి రైలెక్కే పిల్లలకి తీరంలో ఈ జంక్షన్ పెద్ద కూడలి. అలాంటి పిల్లవాడికి వార్డు అవసరమైతే పక్క మంచం మీద ఎవరు? సరైన సంరక్షకుడు లేకపోతే బోర్డు తగిన మనిషిని నియమించాలని చట్టం రాసింది, ఎవరూ దొరక్కపోతే రాష్ట్ర సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరే ప్రతినిధి. డైరెక్టరు గారు వచ్చి వార్డులో పడుకోరు, జీతానికి ఒక అటెండెంటు వస్తుంది. ఆమె మంచిదే కావచ్చు, మూడు గడుల కాగితం శ్రద్ధగా నింపనూవచ్చు. పిల్లవాడు బయటికి పోయాక ఆమె ఇంకో డ్యూటీకి పోతుంది, నేర్చుకున్నది ఆమెతోనే పోతుంది. వాణ్ణి రోజూ చూసే హోమ్ వార్డెన్‌ని కూర్చోబెడితే ఆ విద్య వాడి దగ్గరే ఉంటుంది. కానీ నెలరోజులు ఆయన్ని వదిలిపెట్టాలంటే మిగతా పిల్లల్ని చూడ్డానికి హోముకి ఇంకొక వార్డెన్ జీతం కావాలి.